జపాన్ బొంగరాలు, నోవై మంచు, నేను

నేను చాలా ఏళ్ళు బొంగరాలు తిప్పి జీతం తీసుకున్నాను. ఈ మాట ఒక్కసారికి నమ్మినవాళ్ళను ఇంతవరకూ చూడలేదు. పార్టీల్లో మన కుర్రాళ్ళు ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి, "మీరేం చేస్తారాంటీ?" అని అడిగేవాళ్ళు.

"బొంగరాలు తిప్పి, సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూస్తాను నాయనా."

"ఓ, టెస్టింగా? మాన్యువలా, ఆటోమేషనా?"

"మాన్యువలే. రెండు వేళ్ళతో."

"మార్కెట్ ఎలా ఉందాంటీ?"

"ప్రస్తుతానికి గుండ్రంగానే ఉంది."

అలా అడిగిన ఒక కుర్రాడు తల పంకించి పులిహోర దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాది ఏదో పెద్ద కంపెనీ అనుకుంటూ ఉంటాడు.

రిటైరయ్యాక ఒకరిద్దరు అమ్మాయిలు, బొమ్మల కొట్లలో పనికి కుదురుతున్నవాళ్ళు, వచ్చి అడిగారు: "ఈ పని ఎలా ఉంటుంది, నిజం చెప్పండి" అని. నిజం నోటితో చెబితే నేను మధ్యలో జోకులేస్తాను, వాళ్ళు నవ్వి మర్చిపోతారు. అందుకని రాస్తున్నాను. జీతం ఎప్పుడెంత పెరిగిందో రాయడం లేదు. రాయడానికి అంత విషయం లేదు కూడా.

చేరిన వైనం

నా చదువు ఎనిమిదో తరగతి. బడి మానేశానని మావాళ్ళు అంటారు గానీ, నిజానికి లెక్కల మాస్టారూ నేనూ కూర్చుని, ఇకమీదట ఒకరి జోలికి ఒకరం పోకూడదని ఒప్పందం చేసుకున్నాం. తెనాలిలో మా ఇంట్లో నాకు ముగ్గురన్నలు. వాళ్ళు బడికి వెళ్ళగానే వాళ్ళ బొంగరాలు పెరట్లో నావి. "ఆడపిల్లకి బొంగరమేమిటే, రేపు అత్తారింట్లో తిప్పుతావా?" అని మా నాయనమ్మ సాధించేది. అత్తారింట్లో తిప్పలేదు. అమెరికాలో తిప్పాను.

మా ఆయనకి కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని. అలా మిషిగన్‌లో నోవై వచ్చి పడ్డాం. కార్ల కంపెనీల మూలాన అక్కడ మనవాళ్ళతో పాటు జపాన్ వాళ్ళూ చాలామంది. వాళ్ళ కిరాణా కొట్టులో తెల్ల ముల్లంగి మోచేయంత ఉంటుంది. సాంబారులోకి దాని కోసం వెళ్ళినప్పుడు, పక్కనే బొమ్మల కొట్టు కనిపించింది. లోపల అరవై దాటిన ఒక పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా, మొహాన చిరునవ్వు లేదు, ఒక ఎర్ర బొంగరానికి తాడు చుడుతున్నాడు. ఆయనే మోరితా గారు, ఆ కొట్టు యజమాని.

నేను ముల్లంగి చంకలో పెట్టుకుని నిలబడిపోయాను. ఆయన చూసి, "ట్రై?" అన్నారు.

తాడు చుట్టాను. మా పెరట్లో ఎలా కొడతామో అలా, చెయ్యి పైకెత్తి నేలకేసి కొట్టాను. బొంగరం బ్రహ్మాండంగా తిరిగింది. నేల పలక మాత్రం చిట్లింది.

ఆయన బొంగరాన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. వంగి పలకను చూశారు. తర్వాత కౌంటర్ మీది నుంచి వేలెడంత చిన్న బొంగరం తీసి నా ముందు పెట్టారు. నేను అటూ ఇటూ చూసి, "తాడేది?" అన్నాను. ఆయన దాని సన్నని కాడను రెండు వేళ్ళ మధ్య నలిపి వదిలారు. అది కదులుతోందని కూడా తెలియనంత నిలకడగా తిరిగింది. ఆగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

"మండే కమ్," అన్నారు.

ఇదీ నా ఇంటర్వ్యూ. ముల్లంగి కూడా కొట్లోనే మర్చిపోయాను.

సరుకు గురించి

కొత్తగా చేరినవాళ్ళు మొదట చేసేది పేర్లు బట్టీ పట్టడం. నేనూ పట్టాను. జపాన్ బొంగరాలు ఊరికొక రకం, మన పచ్చళ్ళలాగా. నాకు పేర్లు నిలవక, వాటిని పెళ్ళికొచ్చిన చుట్టాల్లా గుర్తుపెట్టుకున్నాను.

ససెబో బొంగరం ఉల్లిపాయ ఆకారంలో ఉంటుంది, కింద ఇనుప మేకు. మన బొంగరానికి దగ్గర బంధువు. ఎదుటి బొంగరాన్ని కొట్టి పడేయడమే దాని పని. తాంబూలం దగ్గర గొడవ పెట్టుకోవడానికే రైలెక్కి వచ్చే మేనమామ అన్నమాట. క్యోటో బొంగరం చిన్నది, రంగురంగుల గుడ్డ పీలికలు ఒత్తుగా చుట్టి చేస్తారు. అంతఃపురం ఆడవాళ్ళ ఆట అని మోరితా గారు చెప్పేవారు. పట్టుచీర నలుగుతుందని కుర్చీలోంచి లేవని వియ్యపురాలు అదే. హకాటా బొంగరం నడుమ ఇనుప కడ్డీ ఉంటుంది. చేయి తిరిగినవాళ్ళు దాన్ని కత్తి అంచు మీద, విసనకర్ర అంచు మీద నడిపిస్తారు. పెళ్ళంతా ఒంటిచేత్తో నడిపి, ఎవరికీ కనిపించకుండా వెళ్ళిపోయే పెద్దక్క అది. వెదురుతో చేసి పక్కన చీలిక పెట్టినది తిరుగుతూ హోరుమంటుంది. దాని చుట్టరికం చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. బేగోమా అనేది ఇనుముతో పోతపోసిన చిన్న బిళ్ళ, పట్టుకోవడానికి కాడ కూడా లేదు. బాల్చీ మూతికి గుడ్డ బిగించి, దాని మీదికి విసిరి, ఎవరిది బయటికి తన్నుకుపోతుందో చూస్తారు. పిల్లలు దాని దగ్గరికి చేరితే ఇంటికి పోరు.

ఇక జుగురి. బరువైన చెక్క ముద్ద, కింద మేకు లేదు, లావుగా నున్నగా ఒక పాదం. నేల మీద వేస్తే బద్ధకంగా తిరుగుతుంది. అది మంచు మీద తిప్పడానికి పుట్టిన బొంగరం. ఉత్తర జపాన్‌లో ఏడాదిలో సగం మంచు కాబట్టి, పిల్లలు మంచులో పళ్ళెంలా గుంట తీసి అందులోకి విసురుతారట. సన్నటి మేకున్నది దిగబడిపోతుంది, ఇది నిలుస్తుంది. మోరితా గారిది ఆ ప్రాంతమే. వీటిని ఆయన చిన్ననాటి స్నేహితుడు చెక్కి పంపేవాడు. అందంలేని సరుకని నేను వాటిని అడుగు అరలో పెట్టాను. కొనేవాళ్ళు కూడా పేపర్‌వెయిట్ అనుకుని కొనేవాళ్ళు.

కానీ పేర్లతో సరుకు అమ్ముడుపోదు. కొనేవాడి చేతులు చూడండి. వచ్చీ రాగానే అన్నీ ముట్టుకునేవాడికి బేగోమా చూపించండి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడికి క్యోటో చూపించండి. జేబులో చేతులు పెట్టుకున్నవాడు కొనడు. వాడి భార్య షాపింగ్ అయ్యేదాకా కొట్లో వెచ్చగా ఉంటుందని వచ్చాడు, ఓ కుర్చీ వేయండి.

మోరితా గారు

పై అధికారి గురించి ఉన్నమాట చెప్పుకోవాలి. మా కొట్టు తెరవకముందు ప్రతి ఉదయం అరలో ఉన్న ప్రతి బొంగరాన్నీ ఒకసారి తిప్పాలి. "తిరగనిది బొంగరం కాదు, కట్టెముక్క" అనేవారు. ఇందులో మినహాయింపు లేదు, పండగ లేదు, జ్వరం లేదు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. బాగా తిప్పితే "టీ" అనేవారు, అంటే టీ తాగవచ్చు అని. బాగా తిప్పకపోతే "అగైన్." ఆయన ఇంగ్లీషు జపాన్‌లో పుట్టింది, నాది తెనాలిలో పుట్టింది, రెంటికీ నోవైలో సంబంధం కుదిరింది. కాబట్టి ఇక్కడ ఆయన మాటలు చాలావరకు నేనే తెలుగులో రాస్తున్నాను. అసలు మాటలు రాస్తే ఈ వ్యాసం సగం పేజీకే అయిపోతుంది.

ఆయనలో లోపం ఒకటే. అడగనిది చెప్పరు. నాలో లోపమూ ఒకటే. అడగను. ఎదుటివాడు నోరు తెరిచేలోపు నేనో జోకు వేసేస్తాను. ఇద్దరం అలా ఒకే కప్పు కింద ఏళ్ళకేళ్ళు పనిచేశాం.

ట్రాయ్ నుంచి ప్రసాద్

మా శనివారం కస్టమర్ ప్రసాద్. మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటాడు, కార్లలో ఏదో తిరిగే భాగం డిజైన్ చేస్తాడు. కూతురు అనికాను నోవైలో డాన్స్ క్లాసుకి దింపడానికొచ్చి, మా కొట్టుకి అలవాటు పడ్డాడు. ఒకరోజు ఒక హకాటా బొంగరం కొంచెం తూగుతోంది. "దానికి పొగరు, అలాగే ఉంటుంది" అని నేను కస్టమర్లకి చెబుతూ నెట్టుకొస్తున్నాను.

ప్రసాద్ జేబులోంచి కొలిచే పనిముట్టు తీశాడు.

"ఏమయ్యా, కొట్టుకి కూడా తెచ్చావా దాన్ని? మీ ఆవిడ చపాతీలు కూడా కొలుస్తావా?"

"కొలిచానక్కా ఒకసారి. మళ్ళీ కొలవలేదు," అన్నాడు చాలా శాంతంగా. "ఇది ఈ పక్క కొంచెం బరువెక్కువ. కడ్డీ ఒక వెంట్రుకవాసి పక్కకి పోయింది."

"వెంట్రుకవాసికి బొంగరం తూగితే, నీ నెత్తిన అన్ని వెంట్రుకలు పోయాయే, నువ్వు నిలబడే ఉన్నావేం?"

అనికా పకపకా నవ్వింది. మోరితా గారు మాత్రం బొంగరం తీసుకుని, కడ్డీని సరిచేసి, తిప్పి చూశారు. అది కత్తిలా నిలబడింది. ప్రసాద్‌కి వంగి నమస్కారం చేసి, లోపలికెళ్ళి ఆయనే టీ తెచ్చిచ్చారు. నా కడుపు మండిపోయింది. ఆ టీ నాకు రావడానికి చాలా కాలం పట్టింది మరి. ఇంజనీర్లు చెప్పేది విసుగ్గా ఉంటుంది గానీ తరచూ నిజమే అవుతుంది. ఈ పాఠం నాకు అక్కడే అబ్బి ఉంటే, ఇకపై రాసేది జరిగేది కాదు.

అల్మారా

కార్ల కంపెనీలన్నీ వణికిన ఒక చలికాలం వచ్చింది. జపాన్ కుటుంబాలు చాలా సామాను సర్దుకుని వెళ్ళిపోయాయి. ఉన్న పిల్లలు తెర లేని బొమ్మ ముట్టుకోవడం లేదు. జనవరిలో ఒక ఉదయం, బొంగరాలన్నీ తిప్పడం అయ్యాక, మోరితా గారు "టీ" అన్నారు. నేను సంతోషించాను. కప్పు చేతికొచ్చాక, "సాట్యా-సాన్, ఈ అల్మారా తీసేస్తాను. ఇక్కడ వీడియో గేములు పెడతాను," అన్నారు.

సత్యవతి అనే నా పేరు ఆయన నోట సాట్యా-సాన్, సాన్ అంటే గారు. అల్మారా అంటే బొంగరాల అల్మారా. అల్మారా అంటే నేను. కొట్టులో మిగతా పనులు ఎవరైనా చేస్తారు. నేను క్యాష్ మెషిన్ ముట్టుకుంటే అది మొరాయించేది. జీవితంలో నాకు చేతనైన పని అని ఒకటి దొరికితే, దానికి ఆరు అరలూ ఒక అద్దం తలుపూ ఉన్నాయి. అది పోతోంది.

"ఫిబ్రవరిలో పార్కులో వింటర్ ఫెయిర్ ఉందిగా," అన్నాను. "అందరూ వస్తారు. ఒక టేబుల్ తీసుకుందాం. అక్కడ కూడా ఎవరూ చూడకపోతే తీసేయండి."

ఆయన టీ మొత్తం తాగాక, "సరే. ఫెయిర్ తర్వాత," అన్నారు.

మంచులో ఏ బొంగరం తిప్పాలో ఆలోచించనక్కర్లేదు. అడుగు అరలోంచి జుగురిలన్నీ బయటికి తీశాను. తాళ్ళ సంగతి నేను చూసుకుంటానన్నాను. ఇక్కడే నా తెనాలి తెలివి పనిచేసింది. కొత్త జాటీ, అదే బొంగరం తాడు, బిరుసుగా ఉంటే మా అన్నలు కొబ్బరినూనె పట్టించేవాళ్ళు, మెత్తబడి పాములా చుట్టుకునేది. ఫెయిర్ ముందురోజు కొట్లో కూర్చుని తాళ్ళన్నిటికీ సుబ్బరంగా నూనె పట్టిస్తున్నాను. ప్రసాద్ వచ్చి వాసన చూశాడు.

"అక్కా, అది కొబ్బరినూనేనా?"

"కాదు, మీ కంపెనీ ఇంజనాయిల్."

"రేపు బయట గడ్డకడుతుందక్కా. మన ఇంట్లోనే సీసా గరిటె పెట్టి తవ్వుతాం కదా."

"ప్రసాదూ, మా అన్నలు నీలాగా చదువుకోలేదు. వాళ్ళ బొంగరం ఒక్కటీ ఆగలేదు."

"వాళ్ళు తెనాలిలో కదక్కా తిప్పింది," అన్నాడు.

"అయితే నువ్వు రేపు తెనాలి ఎండ పట్టుకురా," అన్నాను. మోరితా గారు కౌంటర్ వెనకే ఉన్నారు, వింటూనే ఉన్నారు.

ఫెయిర్

మర్నాడు ఎండ ఉంది, వేడి లేదు. మిషిగన్ ఎండ ఫొటోలకి మాత్రమే పనికొస్తుంది. మంచులో గుంటలు తీసి, చేటలంత పళ్ళేలుగా నున్నగా దిద్దాం. పిల్లలు పోగయ్యారు. మనవాళ్ళు, జపాన్ వాళ్ళు, అమెరికన్లు, అందరూ ఉబ్బిన జాకెట్లలో ఇడ్లీల్లా ఉన్నారు. నేను మైకు కూడా లేకుండా ఉపన్యాసం దంచి, జుగురి చేతిలోకి తీసుకుని, తాడు కోసం డబ్బా మూత తీశాను.

తాళ్ళు లేవు. తెల్లటి పుల్లలున్నాయి.

ఒకటి లాగితే వంగలేదు. బలవంతంగా చుట్టితే నూనె పెచ్చులూడి పడింది. పరువు నిలబెట్టుకోవాలని అలాగే విసిరాను. తాడు బొంగరాన్ని వదల్లేదు. రెండూ కలిసి ఎగిరి, పెరుగులో గారె పడ్డట్టు మంచులో బుడుంగుమన్నాయి.

"ఈజ్ ఇట్ సపోజ్డ్ టు డూ దట్, ఆంటీ?" అంది అనికా.

"అది లోపల తిరుగుతోందమ్మా," అన్నాను.

పిల్లలు వంగి గుంటలోకి చూశారు. ఒకళ్ళిద్దరు వేడి చాక్లెట్ టేబుల్ వైపు జరిగారు. వాళ్ళ వెనక తల్లులు. నా ఆరు అరలూ ఒక్కొక్కటిగా నడిచి వెళ్ళిపోతున్నట్టు కనిపించింది. మోరితా గారు దూరంగా టోపీ చెవుల మీదికి లాక్కుని నిలబడి ఉన్నారు. నాకు జోకు తట్టలేదు. జీవితంలో అదే మొదటిసారి.

ప్రసాద్ దగ్గరికొచ్చాడు. నేను చెప్పలేదా అంటాడని కాచుకున్నాను. అతను అన్నది ఒకటే మాట: "అక్కా, వ్యాన్ స్టార్ట్ చేయనా? హీటర్ ఫుల్ పెడతాను."

తాళ్ళన్నీ ప్రసాద్ మినీవ్యాన్ డాష్‌బోర్డ్ మీద, హీటర్ కన్నాల మీద పరిచాం. వ్యాను నిండా కొబ్బరినూనె వాసన కమ్ముకుంది, ఎవరింట్లోనో తలంటు జరుగుతున్నట్టు. కరిగిన తాడు తీసుకుని నేను గుంట దగ్గరికి నడిచేసరికి మళ్ళీ బిగుసుకుపోయింది.

"నడిస్తే లాభం లేదక్కా, పరిగెత్తాలి," అన్నాడు ప్రసాద్ కిటికీలోంచి.

"ఈ వయసులోనా?"

"ఐ కెన్ రన్!" అని అనికా చెయ్యి చాచింది. వేడి తాడు పట్టుకుని పరిగెత్తుతూనే చుట్టింది, గుంట దగ్గర ఆగకుండానే విసిరింది. జుగురి మంచు మీద ఒక్క క్షణం జారి, తేరుకుని, నిలబడింది. దాని మీది రంగు గీతలన్నీ కలిసిపోయి ఎర్రటి పళ్ళెమైంది.

ఇక చెప్పేదేముంది. వ్యాను ముందు క్యూ. ప్రసాద్ లోపల వంటవాడిలా తాళ్ళు తిరగేస్తూ, "నెక్స్ట్! హాట్ హాట్!" అని అందిస్తున్నాడు. పిల్లలు పరుగు, జారిపడటం, లేవడం, విసరడం. సగం పైగా గారెలే. "ఇట్స్ ఫ్రోజెన్ అగైన్, ఆంటీ!" అని అరుచుకుంటూ వెనక్కి పరుగు. వేడి చాక్లెట్ టేబుల్ దగ్గర దాన్ని పోసే ఆయన ఒక్కడే మిగిలాడు. కాసేపటికి ఆయన కూడా వచ్చాడు.

అప్పుడు మోరితా గారు టోపీ తీశారు. చేతి తొడుగులు తీశారు. క్యూలో, ఏడేళ్ళ పిల్ల వెనక, తన వంతు వచ్చేదాకా నిలబడ్డారు. తాడు తీసుకున్నారు గానీ పరిగెత్తలేదు. కోటు గుండీ విప్పి, తాడుని చొక్కా లోపల పొట్టకి ఆనించి పెట్టుకున్నారు. గుంట దాకా తీరిగ్గా నడిచారు. అక్కడ తీసి, చుట్టి, నడుం వంచి, పక్కగా ఒక విసురు.

ఆ బొంగరం ఎంతసేపు తిరిగిందో నేను చెప్పను, చెబితే నమ్మరు. పిల్లలందరూ నోరు మూసుకుని చూశారంటే చాలు. ఆయన మాత్రం దాన్ని చూడటం లేదు. మంచు కేసి చూస్తున్నారు. చొక్కా ముందర నూనె మరక పడింది.

"పొట్ట దగ్గర పెట్టుకుంటారా మీ ఊళ్ళో?" అన్నాను.

"అవును. పిల్లలందరూ. ఉత్త తాడే, నూనె లేకుండా."

"మరి ముందే చెప్పొచ్చుగా! నిన్న నేను నూనె రాస్తుంటే చూస్తూ కూర్చున్నారే!"

"సాట్యా-సాన్ అడగలేదు," అన్నారు. "ఎప్పుడూ అడగలేదు."

నిజమే. అన్ని రకాలకీ చుట్టరికాలు కలిపాను గానీ, ఈ మనిషి చిన్నప్పుడు ఏం ఆడాడో, ఏ మంచులో ఆడాడో ఒక్కరోజూ అడిగింది లేదు. ఆ మధ్యాహ్నమంతా అడిగాను. ఆయన చెబుతూనే ఉన్నారు. అంత ఇంగ్లీషు ఆయన దగ్గర ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగల గట్టి మాట ఒక్కటే: సరుకు గురించి పుస్తకంలో చూసుకోవచ్చు, దానితో ఆడినవాడు పక్కనుంటే ముందు వాణ్ణి అడగండి. జోకు తర్వాత వేయవచ్చు.

సోమవారం

సోమవారం ఉదయం భయపడుతూనే వెళ్ళాను. ఫెయిర్‌లో జనం ఆడారు, నవ్వారు, సరే. అల్మారా గురించి ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. తలుపు తీసేసరికి అల్మారా ఖాళీ. బొంగరాలన్నీ అట్టపెట్టెల్లో. మోరితా గారు టేపు పట్టుకుని నేల కొలుస్తున్నారు.

గుమ్మంలోంచే, "తీసేస్తున్నారా?" అన్నాను.

ఆయన టేపు మడిచి జేబులో పెట్టుకున్నారు. వీధి వైపు కిటికీ చూపించారు. అప్పటిదాకా అక్కడ ఖరీదైన బొమ్మలు ఉండేవి, అవి పక్కకి జరిగి ఉన్నాయి.

"అక్కడికి," అన్నారు. "బయట నడిచే పిల్లలకి కనపడాలి. జుగురి పై అరలో. ఆ వైపు పట్టుకో."

అది టేకు కంటే బరువైన చెక్క, అద్దం తలుపుతో సహా. కుర్రాళ్ళని పిలుద్దామంటే ఆయన వినలేదు. ఇద్దరి వయసూ కలిపితే ఆ అల్మారాకే సిగ్గేయాలి. "వన్, టూ" అని ఎత్తాం, నాలుగడుగులకోసారి దింపాం, నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆయనకి కనపడకుండా అద్దం అడ్డం ఉంది. కిటికీ దగ్గర దింపాక ఆయన నడుం పట్టుకుని, "టీ" అన్నారు.

తర్వాత రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. ఆ రోజు పట్టిన నడుం నొప్పి కూడా ఇంకా నాతోనే ఉంది. డాక్టరు ఎలా వచ్చిందని అడిగితే, ఉద్యోగం నిలబెట్టుకునేటప్పుడు వచ్చిందని చెప్పాను.